భూపాలపల్లి చిరునామా

జనగామ,
నవంబరు 23.

మా యాడికి,

నీ పెద్దబిడ్డ జమున దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ వెంకన్నా పాపా బాగానే ఉన్నాం. ఆయనకు బస్సు డిపోలో పని ఎప్పటిలాగే ఉంది. పాపకు పోయిన వారం జ్వరం వచ్చి తగ్గింది, నిన్నటి నుంచి బడికి పోతోంది. అక్కడ నువ్వూ చెల్లె రుక్కీ ఎలా ఉన్నారో, నీ మోకాలు ఎలా ఉందో, పత్తి రెండోసారి ఏరడం అయిందో లేదో తెలుసుకోవాలని ఉంది.

నువ్వు రుక్కితో రాయించి బాబాయి చేతికిచ్చి పంపిన ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన కందులూ అందాయి. నేను నెలన్నరగా ఫోను ఎత్తకపోతే నువ్వు ఉత్తరం రాయిస్తావని అనుకోలేదు. మన లంబాడీ మాటకు లిపి లేదు కదా, నువ్వు మన మాటలో చెబుతుంటే రుక్కి దాన్ని తెలుగు చేసి రాసినట్టుంది. అయినా చదువుతున్నంతసేపూ నీ గొంతే వినిపించింది.

నేనూ తెలుగులోనే రాస్తున్నాను, నిన్ను అమ్మా అనడానికి నోరు రాక యాడీ అన్నది మాత్రం అలాగే ఉంచాను. రుక్కీ, నువ్వు దీన్ని యాడికి మన మాటలో చదివి చెప్పు. అరుగు మీద కూర్చుని చదవకు. లోపలికి వెళ్లి తలుపు వేసుకో. పక్కన ఎవరూ ఉండొద్దు. కటువైన మాట వచ్చినచోట యాడి మొహం చూసి దాన్ని మెత్తగా చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

యాడీ, మోకాలి మాత్రలు తినకముందా, తిన్న తర్వాతా అని అడిగావు. తిన్న తర్వాతే. రెండూ ఒకేసారి వేసుకోవద్దు, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. పాప నిన్ను తలుచుకుంటోందా అని అడిగావు. తలుచుకుంటోంది. దీపావళికి ఎందుకు తండాకు పోలేదని నన్ను రోజూ అడుగుతోంది. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు.

కవిత ఎట్లున్నది అని అడిగావు. బతికి ఉంది. బిడ్డ తన దగ్గరే ఉంది. ఎక్కడున్నది అని కూడా అడిగావు. అది చెప్పను. ఈసారి వెంకన్నకు కూడా చెప్పలేదు. అసలు నాకే పూర్తిగా తెలియదు, తెలియకుండా ఉంచమని నేనే అడిగాను.

నామీద ఎందుకు అలిగినవు బిడ్డా అని మూడుసార్లు రాయించావు. అలగలేదు యాడీ. అలిగితే నాలుగు రోజుల్లో పోయేది. ఇది అది కాదు. ఫోనులో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. కాగితం మీద అయితే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక పొద్దున బాపు నిన్ను బోరింగు దగ్గర కొట్టాడు. బిందె నిండకముందే జుట్టు పట్టుకుని లాగాడు. అక్కడ ఇరవై మంది ఆడవాళ్లున్నారు. ఎవరి బిందె వాళ్లు ఎత్తుకుని పోయారు. సోమ్లీ పెద్దమ్మ కూడా పోయింది. నువ్వు లేచి, చీర దులుపుకుని, మళ్లీ బిందె పెట్టి బోరింగు కొట్టావు. ఆ రోజు బడికి పోతూ నేను అందరి మొహాలూ చూశాను. ఎవరూ నావైపు చూడలేదు.

బాపు పోయిన తర్వాత రెండేళ్లకు నువ్వు ఆ ఆడవాళ్లలోనే నలుగురిని కూడగట్టావు. వాళ్లలో సోమ్లీ పెద్దమ్మనే ముందు పిలిచావు. ఏ ఇంట్లో ఆడది అరిచినా మీరు అయిదుగురూ స్టీలు పళ్లెం, గరిట పట్టుకుని ఆ ఇంటి ముందుకు వెళ్లి, తలుపు తెరిచేదాకా కొట్టేవాళ్లు. లోపలికి వెళ్లరు, తిట్టరు. తండా అంతా లేచి వచ్చేదాకా పళ్లేలు మోగిస్తారంతే. మగవాళ్లు మిమ్మల్ని పళ్లేల సంఘం అని ఎక్కిరించేవాళ్లు. పదేళ్లలో పదకొండు ఇళ్ల ముందు కొట్టారు. నాలుగిళ్లలో చెయ్యి ఎత్తడం ఆగిపోయింది. ఆగనిచోట ఆడదాన్ని నా దగ్గరికి పంపేవాళ్లు.

నేను జనగామలో ఈ ఆడవాళ్ల సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌గా ఎందుకు చేరానో నీకు తెలుసు. కొత్తగా పనిలో చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే రోజున మొదటి మాటగా నీ గురించే చెప్పేదాన్ని. మా అమ్మకు సంతకం తప్ప రాయడం రాదు, కానీ ఈ పని ఆమె దగ్గరే నేర్చుకున్నాను అని చెప్పేదాన్ని. తొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. మొన్న కొత్త అమ్మాయిలు ముగ్గురు వచ్చారు. శిక్షణ నేనివ్వలేదు.

కవిత సంగతి మొదటి నుంచీ రాయనివ్వు. నీకు తెలిసిందే అయినా రాస్తాను. నేను ఎలా చూశానో నీకు తెలియదు.

తీజ్ పండుగ అయిన వారానికి, పొద్దున పూట, మొగుడు హీరాలాల్ దాన్ని మోటారు పైపుతో కొట్టాడు. పత్తిలో కలుపు తీయడానికి ఆలస్యంగా లేచిందని. ఎడమ చెయ్యి మణికట్టు పైన విరిగింది. దాని తల్లిదండ్రులు హైదరాబాదు అవతల ఇటుక బట్టీలో ఉన్నారు, ఫోను చేస్తే సర్దుకుపొమ్మన్నారు. హీరాలాల్ నీకు పరాయివాడు కాదు, చచ్చిపోయిన నీ చెల్లెలి కొడుకు. ఆరేళ్ల వయసు నుంచి మన ఇంట్లో నా పక్కన కూర్చుని తిన్నవాడు. నువ్వు వెళ్లవని తండాలో అందరూ అనుకున్నారట. నువ్వే ముందు నడిచావు. అతని వాకిట్లో నిలబడి పళ్లెం కొట్టి అన్న మాట రుక్కి నాకు ఫోనులో చెప్పింది.

"హీరా, నీ తల్లి బతికుంటె గీ పళ్లెం ఆమెనే కొట్టేది. ఆమె లేదని నేను కొడుతున్న."

ఆ మాట విని నేను ఆఫీసులో కూర్చుని ఏడ్చాను. గర్వంతో ఏడ్చాను యాడీ.

నువ్వే దాన్నీ రెండేళ్ల బిడ్డనీ ఆటోలో కేసముద్రం తీసుకొచ్చి రైలెక్కించావు. విరిగిన చేతికి నీ పాత చీర చింపి కట్టావు. జనగామ స్టేషనులో నేను ఎదురుపోయాను. రైలు దిగి నన్ను చూడగానే అది చెప్పిన మొదటి మాట, "పెద్దత్త పంపింది వదినె. నువ్వున్నవ్ అన్నది."

దవాఖానకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించి పట్టీ వేయించాం. హీరాలాల్ నాకు తమ్ముడి వరస కాబట్టి నేను ఆ కేసు చూడకూడదు. మా పెద్ద కౌన్సెలర్ సుజాత మేడం చేతికి తీసుకుంది. కవిత చెప్పిందంతా రాసుకుని, కోర్టులో రక్షణ కోసం అర్జీ పెట్టించింది. తీర్పు వచ్చేదాకా దాన్ని భూపాలపల్లిలో మేము నడిపే ఇంట్లో ఉంచాలని నిర్ణయించింది. బోర్డు లేని ఇల్లు అది, కుట్టు శిక్షణ హాలు పైన రెండు గదులు. ఆ చోటు సుజాత మేడానికీ, అక్కడ వంట చేసి ఆడవాళ్లను కనిపెట్టుకుని ఉండే నర్సమ్మక్కకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. నాకు కూడా తెలియకూడదు. కానీ కవిత నా కొంగు వదల్లేదు, వదినె వస్తేనే పోతానంది. అందుకని నేనూ వెళ్లాను. అలా ముగ్గురికి తెలిసింది.

నాలుగో మనిషివి నువ్వు. నీకు ఎలా తెలిసిందో నీకూ నాకూ తెలుసు. ఆ మాట తర్వాత రాస్తాను, దాటవేయను.

అక్కడ నెలన్నర దాకా ఉంది. నర్సమ్మక్క దాని తల దువ్వి జడ వేసేది, ఒక్క చేత్తో వేసుకోలేదు కదా. పట్టీ తీశాక కింద హాల్లో కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి చూడ్డానికి వెళ్తే బిడ్డకు కుట్టిన గౌను చూపించింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అది చూసి తనే నవ్వింది. పెళ్లయి నాలుగేళ్లలో దాని నవ్వు నేను వినడం అదే మొదటిసారి. వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చి, "ఈడ పొద్దుగాల లేస్తె మెల్లగ లేస్త వదినె. ఉలిక్కిపడి లేస్త లేను" అంది. ఇంతకంటే పెద్ద మాట ఎవరూ నాకు ఈ పనిలో చెప్పలేదు.

దసరాకు ఇంకా వారం ఉందనగా, మధ్యాహ్నం అన్నాల వేళ, హీరాలాల్ జీపు వేసుకుని నేరుగా ఆ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఎవరినీ దారి అడగలేదు. బిడ్డ కింది మెట్టు మీద ఆడుకుంటోంది. దాన్ని ఎత్తుకుని జీపులో కూర్చున్నాడు. కవితను పిలవను కూడా పిలవలేదు. బిడ్డ ఏడుపు విని అది అన్నం చేత్తోనే పరుగెత్తి వచ్చి జీపెక్కింది. నర్సమ్మక్క జీపు తలుపు పట్టుకుని నాలుగడుగులు ఈడ్చుకుపోయి పడింది. నాకు ఫోను చేసి, "మేడం, నేను ఆపలేకపోయిన" అని ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ చెప్పింది.

ఆ సాయంత్రం నేను నీకు ఫోను చేశాను. గుర్తుందా యాడీ. హీరాకు ఎవరు చెప్పారని అడిగాను. "నేను ఎవ్వరికి చెప్పలే బిడ్డా. నా మీదనే అనుమానమా నీకు" అన్నావు. నాకు సిగ్గేసింది. అలా అడిగినందుకు క్షమించమని కూడా అన్నాను. నువ్వు పర్వాలేదు అన్నావు.

మూడో రోజు సుజాత మేడం పోలీసులను వెంటబెట్టుకుని తండాకు వచ్చింది. కవిత తండా పెద్దమనిషి జాల్యా ముందు నిలబడి, నా ఇష్టంతోనే వచ్చిన, నన్ను ఎవరూ కొట్టలేదు అని చెప్పింది. అలా చెప్పినప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు. మేడం తిరిగి వచ్చి నాకు అంతా చెబుతూ, అక్కడ ఒక పెద్దావిడ ఉందంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. అందరికీ చాయ్ పోసిందట. "మా పిల్లలు కలిసిన్రు మేడం, మీరు పరేషాన్ కాకుండ్రి" అందట. మంచి మనిషిలా ఉంది అని చెప్పింది మేడం.

లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచిందా అని అడిగాను. అవును, నీకెట్ల తెలుసు అంది. మా తండాలో ముసలివాళ్లందరికీ మోకాళ్ల నొప్పులే అని చెప్పాను.

ఆ రోజు నుంచి నీ ఫోను ఎత్తడం మానేశాను.

నీ ఉత్తరంలో నువ్వు ఒప్పుకున్నావు. ఒప్పుకున్నందుకు నాకు ఊరట కలగాలి, కలగలేదు. హీరా వచ్చి నీ కాళ్లు పట్టుకుని ఏడ్చాడని రాయించావు. రెండు రోజులు నీ గడప దగ్గరే అన్నం నీళ్లు లేకుండా కూర్చున్నాడని, తాగుడు మానేస్తానని నీ చెల్లెలి మీద ఒట్టు పెట్టాడని రాయించావు. చనిపోయేటప్పుడు ఆమె వాడి చెయ్యి నీ చేతిలో పెట్టిందని, చెడిపోతున్న ఇల్లు నిలబడుతుందని వాడికి చోటు చెప్పానని, అది తప్పా బిడ్డా అని అడిగావు.

వాడి ఏడుపు దొంగ ఏడుపని నేను అనను. నిజంగానే ఏడ్చి ఉంటాడు. నా ముందు కుర్చీలో కూర్చుని ఎంతమంది మగవాళ్లు అలా ఏడ్చారో నాకు తెలుసు. వాళ్లలో చాలామందికి ఆ నిమిషంలో నిజంగానే దుఃఖం ఉంటుంది. ఏడ్చిన తర్వాత వాళ్లకు గుండె తేలికవుతుంది. తేలికైన గుండెతో ఇంటికి పోతారు. ఇంట్లో ఆడదానికి ఏదీ తేలిక కాదు. ఈ మాట నువ్వే సోమ్లీ పెద్దమ్మకు ఒకసారి ఇంకో విధంగా చెప్పావు. ఏడ్చిన మగాడికి నీళ్లియ్యి, పెండ్లాన్ని మాత్రం ఇయ్యకు అన్నావు. నీకు తెలియక చేసిన పని కాదు ఇది. తెలిసి చేశావు. వాడు నీవాడు కాబట్టి చేశావు.

సోమ్లీ పెద్దమ్మా మిగతా ముగ్గురూ ఈ మధ్య నీ దగ్గరికి వచ్చి కూర్చోవడం లేదని, ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారని, కారణం తెలియడం లేదని రాయించావు. కారణం నీకు తెలుసు. నీ ఉత్తరంలో అది లేదు. నేను రాస్తాను.

కవిత, వాడు జీపులో తీసుకుపోయిన ఇరవై రెండో రోజున, మళ్లీ బయటపడి మా దగ్గరికి వచ్చింది. ఎలా వచ్చిందో, ఎవరు తోడున్నారో నన్ను ఎప్పుడూ అడగకు. వచ్చి మేడం ముందు, నా ముందు కూర్చుని చెప్పింది. జీపులో హీరాలాల్ దానితో అన్నాడట, "నువ్వు ఈడున్నవని పెద్దమ్మనే చెప్పింది. ఇంక ఎవరికాడికి పోతవ్?" అని. తండాకు వచ్చాక నువ్వు దాని తల నిమిరి, ఇంకొక్కసారి చూడు బిడ్డా, నేను పక్కనే ఉన్న కదా అన్నావట. పోలీసులు వచ్చిన రోజు నీ ఒళ్లో తన బిడ్డను చూసి, నా ఇష్టంతోనే వచ్చిన అని చెప్పిందట. బిడ్డ నీ ఒళ్లో ఉంటే అది ఇంకేం చెబుతుంది?

తొమ్మిదో రోజు పొద్దున వాడు మళ్లీ మొదలుపెట్టాడు. అది తప్పించుకుని నీ ఇంటికి పరుగెత్తింది. తలుపు గడియ పెట్టి ఉంది. నీ చెప్పులు బయటే ఉన్నాయి. పెద్దత్తా తలుపు తియ్యి, పెద్దత్తా తలుపు తియ్యి అని అరిచి కొట్టింది. వాడు వెనక నుంచి వచ్చి నీ గడప మీదే కొట్టి, ఈడ్చుకుపోయాడు. కవిత చెబుతూ ఒక్క మాట అంది. "లోపల గాజులు చప్పుడైనయి వదినె. పెద్దత్త తలుపు దాక వచ్చింది. గడియ మాత్రం తియ్యలే."

నీ ఇంటికి నాలుగు దిక్కులా ఇళ్లున్నాయి. ఆ అరుపు అందరూ విన్నారు. పళ్లెం ఎత్తి ముందు నడిచే మనిషే లోపల గడియ పెట్టుకుంటే వాళ్లు ఏం చేస్తారు? ఆ రోజు ఎవరూ పళ్లెం తీయలేదు. అందుకే నీ దగ్గరికి రావడం లేదు. నీ మీద కోపం ఒక్కటే అనుకోకు, వాళ్లకు వాళ్ల మీద కూడా సిగ్గు ఉండి ఉంటుంది.

గడియ ఎందుకు తియ్యలేదు యాడీ? వాడిని చూసి భయపడ్డావా? ఒట్టు పెట్టినవాడు ఒట్టు తప్పాడని నీ కళ్లతో చూడాల్సి వస్తుందని భయపడ్డావా? నేను చాలా రోజులు ఇదే ఆలోచించాను. బోరింగు దగ్గర బిందెలెత్తుకుని పోయినవాళ్లను నేను క్షమించాను, ఎందుకంటే నువ్వు క్షమించావు. నిన్ను మాత్రం ఎలా క్షమించాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు నా సంగతి.

చోటు చెప్పింది నేను. కవిత పోయినప్పటి నుంచి నువ్వు రోజూ ఫోను చేసి, పిల్ల ఎక్కడుందో ఒక్క ఊరి పేరు చెప్పు, నా పానం నిమ్మలమైతది అని అడిగేదానివి. నెల రోజులు చెప్పలేదు. దాని చేతి పట్టీ తీసిన రోజు నాకు సంతోషం ఆగలేదు. భూపాలపల్లిలో ఉంది యాడీ, కుట్టు నేర్చుకుంటానంటోంది, కింద హాలు, పైనే గది అని గొప్పగా చెప్పాను. ఊరి పేరు అడిగితే మెట్లు కూడా చూపించాను. తొమ్మిదేళ్లుగా అందరికీ మొదటి పాఠంగా చెప్పేది ఇదే, కన్నతల్లికి కూడా చోటు చెప్పొద్దు అని. నువ్వు నాకు ఆ నియమంలోకి రావనుకున్నాను.

ఇంతవరకూ నీకు తెలిసిందే. తెలియనిది ఇది.

హీరాలాల్ కవితను తీసుకుపోయిన తర్వాత, చోటు ఎవరి ద్వారా బయటపడిందని మా వాళ్లు విచారణ పెట్టారు. తెలిసినవాళ్లు ముగ్గురమే. సుజాత మేడం మీద ఎవరికీ అనుమానం లేదు. నన్ను అడిగారు. నేను ఎవరికీ చెప్పలేదన్నాను. నువ్వు నాతో ఫోనులో అన్నావే, అదే మాట, అదే గొంతుతో. అప్పటికి నీ మీద నాకు అనుమానం తగిలి ఉంది. మేడం చాయ్ సంగతి చెప్పాక ఆ అనుమానం నిజమని తేలిపోయింది. అయినా నోరు తెరవలేదు. తెరిస్తే నీ పేరు బయటికి వస్తుంది. మిగిలింది నర్సమ్మక్క. బజారుకు పోయినప్పుడు ఎక్కడో నోరు జారి ఉంటావని తేల్చి ఆమెను పనిలోంచి తీసేశారు. జీపు వెంట ఈడ్చుకుపోయిన దెబ్బ ఇంకా మానలేదు ఆమెకు. కుంటుతూ తన సంచీ తీసుకుని పోతుంటే నేను కిటికీలోంచి చూశాను. పద్దెనిమిది రోజులు ఆ నింద ఆమె మీదే ఉంచాను.

కవిత తిరిగి వచ్చి అంతా చెప్పిన రోజు, మేడం దాన్ని అడిగింది, మీ పెద్దత్తకు ఈ చోటు ఎట్ల తెలిసింది అని. కవిత నావైపు చూసింది. దానికి అర్థమైంది. తల దించుకుని, నాకు తెల్వది మేడం అంది. నన్ను కాపాడింది యాడీ. అన్ని దెబ్బలు తిని వచ్చి, నన్ను కాపాడ్డానికి అబద్ధం చెప్పింది. అప్పుడు నాకు నోరు వచ్చింది. నేనే చెప్పాను మేడం, మా అమ్మకు అన్నాను. మేడం తన ముందున్న ఫైలు మూసేసింది. తర్వాత, "నర్సమ్మను ఏం జేద్దాం జమునా?" అని మాత్రం అడిగింది.

నన్ను కౌన్సెలింగు నుంచి తప్పించారు. ఇప్పుడు ఆఫీసులో ఫైళ్లు సర్దుతున్నాను. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోనిస్తారో లేదో తెలియదు. కూర్చోనివ్వకపోయినా వాళ్లది తప్పు కాదు.

నర్సమ్మక్క ఇంటికి భూపాలపల్లి వెళ్లాను. వాకిట్లో నిలబెట్టే మాట్లాడింది, కూర్చోమనలేదు. "నీ తల్లి పేరు బయటికి రావొద్దని నా పేరు ముంగట వెట్టినవ్. నాకు తల్లి లేదు, మొగడు లేడు. గందుకే నా పేరు అల్కగ దొరికింది నీకు" అంది. ఉన్నమాటే. మేడం స్వయంగా వెళ్లి బతిమాలితే తిరిగి పనిలోకి వచ్చింది. కొత్త చోట ఉంది. నాతో మాట్లాడదు.

అందుకని నువ్వు నన్ను మోసం చేశావని రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆమె కుంటు నడక అడ్డం వచ్చేది. ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను. నువ్వు నీ చెల్లెలి కొడుకు కోసం కవితను ఇచ్చావు. నేను నా తల్లి కోసం నర్సమ్మక్కను ఇచ్చాను. నేను చేసింది తెలుసుకున్నాక నీ మీద బాధ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. రెండూ ఉన్నాయి.

ఇక చివరి సంగతి. నిజానికి దీనికోసమే ఉత్తరం మొదలుపెట్టాను.

పోయిన సోమవారం హీరాలాల్ తరఫు వకీలు కోర్టులో ఒక కాగితం పెట్టాడు. తండా పెద్దమనుషులు రాసి ఇచ్చినట్టు ఉంది. కవిత ట్రాక్టరు మీది నుంచి జారిపడితే చెయ్యి విరిగిందని, భర్త ఎన్నడూ చెయ్యి చేసుకోలేదని, మేము చూసినవాళ్లమని. కింద జాల్యాది, ఇంకో ముగ్గురిది వేలిముద్రలు. అయిదోది సంతకం. సుజాత మేడం చూపించి, ఇది ఎవరిదో గుర్తుపడతావా అంది. తా కింద గీత ఒకటి వంకరగా పోతుంది. రి మీద గుడి అక్షరానికి అంటకుండా గాల్లో ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో పలక మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించిన పేరు అది. వేలిముద్ర వేయడం సిగ్గు, నా పేరు నేనే రాయాలె అని పట్టుబట్టి నేర్చుకున్నావు.

నువ్వు ఆ చేతికి చీర చింపి కట్టావు యాడీ. ట్రాక్టరు అని ఎలా రాయనిచ్చావు? జాల్యా తండా పరువు అన్నాడా? చదివి వినిపించకుండా పెట్టించుకున్నారా? అదే జరిగి ఉంటే ఆ మాట కూడా కోర్టులో చెప్పొచ్చు.

డిసెంబరు పదకొండున మహబూబాబాదు కోర్టులో వాయిదా. నీకు సమన్లు వస్తాయి. పైపుతో కొట్టిన రోజు చూసిన సాక్షుల్లో నీ పేరు ఉంది. ఆ పేరు ఇచ్చింది ఎవరని అడగక్కరలేదు, నేనే ఇచ్చాను. ఏం చెప్పాలో నేను చెప్పను. నువ్వు చూసింది చెప్పు. నువ్వు రాకపోతే నేనే బోనెక్కి, ఆ సంతకం మా అమ్మదే, పైన రాసింది అబద్ధం అని చెబుతాను.

వస్తే రుక్కిని తోడు తెచ్చుకో, మెట్లు ఎక్కువ. కవిత కూడా ఆ రోజు వస్తుంది. దాన్ని పలకరించాలని నీకు అనిపించవచ్చు. నీ గడప మీద తిన్న దెబ్బకు దాని ఎడమ చెవి పోయింది, ఇక రాదని డాక్టరు చెప్పాడు. ఆ వైపు నిలబడి ఎంత పిలిచినా దానికి వినపడదు. ఏమైనా చెప్పుకోవాలనుకుంటే కుడివైపుకు రా.

ఇట్లు,
నీ పేరు నీకు దిద్దించిన పెద్దబిడ్డ,
జమున.